కలుగులోని ఎలుక – కదలిన పల్లె

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పొలములలో తిరుగు పందికొక్కు మనకు క్రొత్త జంతువు కాదు. మన తెలుగు మాటనే గ్రహించి ఇంగ్లీషువారు దానిని 'బాండికూట్' అని పిలిచినారు. దాని కలుగును త్రవ్వి, అది దాచుకొన్న వడ్లను పేదలు తెచ్చుకొనుట పల్లెలలో పాత అలవాటు. ఎలుకజాతి మన ధాన్యమును తినునని ఎల్లరకును తెలియును. దాని నాశ్రయించి బ్రతుకు పరాన్నభుక్కులు మన చరిత్రను ఎట్లు కదిలించినవో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

1896లో ప్లేగు బొంబాయిలో ప్రవేశించి, క్రమముగా దక్కను అంతటను వ్యాపించినది. రెండేండ్లకు ముందే, 1894లో, యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు హాంకాంగులో ఆ వ్యాధి క్రిమిని కనుగొనియుండెను. అయినను అది మనిషికి ఎట్లు సోకునో ఎవరికిని తెలియలేదు. అధికారులు గోడలను మందునీటితో కడిగించినారు. రైలు ప్రయాణికులను పరీక్షించినారు. వ్యాధి ఆగలేదు.

పల్లెజనులు మాత్రము మరియొక మార్గమును త్రొక్కినారు. ఇండ్లలో ఎలుకలు రాలిపడుట చూచిన వెంటనే ఊరు విడిచి, పొలములలో గుడిసెలు వేసికొన్నారు. హిమాలయములలోని గఢ్వాలు ప్రజలు అంతకు పూర్వమునుండియే ఇట్లు చేయుచుండిరి. చదువుకొన్నవారు కొందరు దీనిని మూఢత్వమని తలచిరి. కాని 1898లో కరాచీ నగరమున సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు పరిశోధించి, పల్లెజనుల పద్ధతికి ఆధారము చూపినాడు. ఎలుక ఒంటిమీద రెక్కలులేని ఒక చిన్న పురుగు దూకుచు, రక్తము పీల్చి బ్రతుకును. ఎలుక చచ్చి చల్లబడగానే ఆ పురుగు వేరొక వెచ్చని శరీరమును వెదకికొనును. ఆ ఇంట మనిషియున్నచో మనిషిని కుట్టును. క్రిములు పెరిగి పురుగు అన్నవాహికకు అడ్డుపడుటచే, అది ఆకలి తీరక మరల మరల కుట్టునని 1914లో తేలినది. ఊరు విడుచుటయనగా ఆ పురుగునకు దూరమగుటయే.

మరి ప్లేగు ఒకచోట అణగి, ఏండ్ల తరువాత మరల తలయెత్తుటకు కారణమేమి? ఇంటి ఎలుక రోగమునకు త్వరగా లొంగి చచ్చును. బీడుభూములలో బొరియలు చేసికొని, రాత్రులందు గంతులు వేయు కుచ్చుతోక ఎలుక యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని తటెరా ఇండికా అందురు. అది అంత సులభముగా చావదు. రోగమును తనలో నిలుపుకొనును. 1960లో బల్తజార్, ఆయన సహచరులు తమ పరిశోధనలో ఈ ఎలుకయే అసలు నెలవని నిర్ణయించినారు. అడవి ఎలుక, ఇంటి ఎలుక కలిసిన చోటనే రోగము ఊరిలో ప్రవేశించును.

1966లో తెలుగువారు విరివిగానున్న కోలారు జిల్లా ములబాగిలు ప్రాంతమున ప్లేగు కనిపించిన పిదప, దేశమున మానవులలో అది దాదాపు మూడు దశాబ్దములు కానరాలేదు. 1994లో బీడు జిల్లాలో మరల పొడసూపినది. బీడు ఒకనాడు కరీంనగరమువలెనే నిజాము రాజ్యములోని జిల్లాయే. 1993 సెప్టెంబరు భూకంపమునకు భయపడి అచ్చట పలువురు ఇండ్లు విడిచినారు. ధాన్యము ఇండ్లలోనే మిగిలిపోగా ఎలుకలు ప్రబలినవనియు, జనులు తిరిగి వచ్చినప్పుడు రోగము సోకినదనియు నిపుణులు ఊహించినారు. ఊరు విడుచుట ఒకప్పుడు ప్రాణములు కాచినది. ధాన్యమును విడిచిపోవుట ఇంకొకప్పుడు ప్రాణముల మీదికి తెచ్చినది.

నేడు సకాలమున చికిత్స జరిగినచో ప్లేగు నయమగును. అయినను ఎలుకలు గుంపుగా చచ్చినచో వానిని వట్టి చేతులతో తాకరాదు. ఆరోగ్య కార్యాలయమునకు వెంటనే తెలుపవలెను. ఎలుక మూత్రము కలిసిన మడినీరు కాలి పుండులకు తగిలినచో ఎలుకజ్వరమును రావచ్చును. కనుక నాట్లనాడు జ్వరము వచ్చినచో ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను; పొలమున దిగితిమని తప్పక చెప్పవలెను. ధాన్యమును ఎలుక దూరని గాదెలలో నుంచుట పంటకే కాదు, ఇంటిల్లిపాదికిని రక్ష.