పదో తరగతి తర్వాత ఏ గ్రూపు?

ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీల్లో ఏది తీసుకోవాలన్నది పిల్లల ఇష్టమే అనుకుంటాం. అనంతపురం కరువు సీమ చరిత్ర మరో మాట చెబుతుంది: ఏ చదువు అందుబాటులో ఉంటే అదే గమ్యమైంది. అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాల వెలసింది. 1946లో మద్రాసులో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ 1948లో ఇక్కడికి చేరింది. దాంతో ఈ సీమలోని బత్తలపల్లి లాంటి ఊళ్లకు పెద్ద చదువులు దగ్గరయ్యాయి. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడ్డాక, దారి ఎంచుకునే భారం పదిహేను, పదహారేళ్ల పిల్లల మీద పడింది.

మార్కులే దారి చూపవా అంటారు కొందరు. మార్కులు సత్తాను చూపుతాయి గానీ కొలువు తీరును చూపవు. వానను నమ్మి వేరుశనగ వేసే ఇళ్లలో ఆ తీరు చెప్పేవాళ్లు తక్కువ. బత్తలపల్లిలో స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ ఆసుపత్రి వచ్చాక వైద్య కొలువులు కళ్లెదుటే కనిపిస్తున్నాయి. గ్రూపు ఖాయం చేసేముందు పిల్లలకు అలాంటి పనిచోట్లు చూపించడం బడుల బాధ్యత.