కావేరి కరెంటు, కోలారు బంగారం

1902 జూన్ 30న కోలారు బంగారు గనులకు కరెంటు వచ్చింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగడానికి మరో మూడేళ్లు పట్టింది. శివనసముద్రం జలపాతం దగ్గర మైసూరు సంస్థానం పుట్టించిన విద్యుత్తు ముందుగా వెళ్లింది రాళ్లు దంచే మిల్లులకు. ఈనాడు బంగారు గనుల కంపెనీలు కర్బన ఉద్గారాల లక్ష్యాల గురించి చెబుతున్న మాటలను తూచడానికి ఆ కథ ఇప్పటికీ పనికొస్తుంది.

కోలారు గనులు కుప్పం సరిహద్దుకు దగ్గరే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చాక అక్కడ పని ఊపందుకుంది. గనుల్లోకి దిగినవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళ దళితులు. చుట్టుపక్కల తెలుగు పల్లెల వాళ్లూ పనికి కుదిరారు. పైకి తెచ్చిన ఖనిజాన్ని స్టాంపు మిల్లుల్లో వేసేవారు. బరువైన ఇనప రోకళ్లు వరసగా లేచి పడుతూ తడిరాతిని మెత్తని బురదగా దంచేవి. ఆ బురద పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా జారుతుంటే బంగారం రేకుకు అంటుకునేది. అప్పటికీ చిక్కని బంగారాన్ని సైనైడు ద్రావణంతో లాగేవారు.

ఆ రోకళ్లు రాత్రీ పగలూ ఆడాలంటే ఆవిరి కావాలి. ఆవిరికి కట్టెలు, బొగ్గు కావాలి. బొగ్గు దూరం నుంచి రైల్లో రావాలి. కట్టెల కోసం చుట్టుపక్కల అడవుల మీద పడాలి. తవ్వకం లోతుకు పోయేకొద్దీ ఇంధనం ఖర్చు మోయలేని భారమైంది.

దారి చూపింది దివాన్ కె. శేషాద్రి అయ్యర్, ఇంజనీర్ జోలీ ద లోబినియేర్. కావేరి నీటితో కరెంటు తీసి 147 కిలోమీటర్ల దూరంలోని గనులకు పంపుదామన్నారు. ఎక్కువ వోల్టేజితో అంత దూరం కరెంటు పంపడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికా నుంచి విద్యుత్ యంత్రాలు ఇచ్చింది, స్విట్జర్లాండ్ నుంచి టర్బైన్లు వచ్చాయి. మొదటి విడతలో 720 కిలోవాట్ల జనరేటర్లు ఆరు పెట్టారు. ఆ తీగల్లో కరెంటు పారడం మాత్రం శేషాద్రి అయ్యర్ చూడలేదు. 1901 సెప్టెంబరులోనే కన్నుమూశారు.

కావేరికి ఎండాకాలం గండం ఉంది. నీరు తగ్గితే గనులకు కరెంటు తగ్గుతుంది. 1911లో కృష్ణరాజసాగర్ ఆనకట్ట పని మొదలుపెట్టడానికి సాగునీటితో పాటు ఇదీ ఓ బలమైన కారణం. ఆ పథకాన్ని పట్టుబట్టి ముందుకు నడిపిన చీఫ్ ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పూర్వీకుల తెలుగు ఊరిని ఇంటిపేరులో మోసుకొచ్చిన మనిషి. ఒక గని అవసరం ఒక రాజ్యపు కరెంటు వ్యవస్థకు పునాది వేసిందంటే అతిశయోక్తి కాదు.

అప్పుడు వాతావరణం గురించి ఎవరూ ఆలోచించలేదు. లెక్క అంతా డబ్బుది. నీటి కరెంటు చవక, పైగా బొగ్గులా రైలెక్కి రానక్కర్లేదు. కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి, సంస్థానానికి నికరమైన గిరాకీ దొరికింది. గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే. ఇంధనం మార్చడం గని యజమానికి లాభమని తేలితే మార్పుకు దశాబ్దాలు పట్టదు. శివనసముద్రం పథకం పని మొదలైన రెండు మూడేళ్లలోనే కోలారుకు కరెంటు పారింది.

కానీ కరెంటు అన్ని చిక్కులూ తీర్చలేదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. అక్కడ రాయి వేడే 60 డిగ్రీలు దాటుతుంది. మనిషి పని చేయాలంటే చల్లగాలి పంపాలి, నీరు తోడాలి, ఖనిజాన్ని అంత లోతు నుంచి పైకి లాగాలి. మరోవైపు టన్ను రాతిలో దొరికే బంగారం చివరికి కొద్ది గ్రాములకు పడిపోయింది. అంటే గ్రాముకయ్యే కరెంటు ఏటికేడు పెరిగినట్టే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి కోలారు గనులను నడుపుతున్న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ కిందే ఉన్న చిత్తూరు జిల్లా బిసానత్తం, చిగురుగుంట, అనంతపురం జిల్లా రామగిరి గనుల్లోనూ పని ఆగింది. ఉపాధి పోయిన ఊళ్లకు మిగిలిన సైనైడు దిబ్బలు కర్బన లెక్కల్లోకి రావు. ఆ అప్పు వేరుగా చూడాల్సిందే.

ఇక ఈనాటి లెక్కకు వస్తే, 2018 సంవత్సరానికి ప్రపంచ బంగారం మండలి వేసిన అంచనాలో బంగారం రంగం ఉద్గారాలు దాదాపు 12.6 కోట్ల టన్నులు. అందులో సింహభాగం గనులదే, ముఖ్యంగా కరెంటుదీ డీజిల్‌దీ. బంగారు గనుల కంపెనీ న్యూమాంట్ 2020లో లక్ష్యాలు ప్రకటించింది. 2030 నాటికి 30 శాతానికి పైగా తగ్గింపు, 2050కి నికర సున్నా. మరో గనుల కంపెనీ బారిక్‌ది కూడా అదే బాట. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆగ్న్యూ గని గాలి, సౌర విద్యుత్తు, బ్యాటరీ కలిపి సగానికి పైగా అవసరం తీర్చుకోగలనని చూపించింది. ఆగ్న్యూ మారుమూల ప్రాంతం, ఇంధనం మోసుకెళ్లడం ఖరీదు. కోలారుకు పనిచేసిన లెక్కే అక్కడా పనిచేసింది.

మన దగ్గరి కొత్త గనుల సంగతి ఇంకోలా ఉంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం తవ్వకం ఓపెన్‌కాస్ట్, అంటే నేల పైనుంచే తవ్వుకుంటూ పోవడం. రాయి ఎత్తేవి, మోసేవి భారీ వాహనాలు, వాటికి డీజిల్ కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో సోనాఖాన్ ప్రాంతపు బఘ్‌మారా బ్లాకును 2016 ఫిబ్రవరిలో వేలం వేశారు. దేశంలో వేలానికి వచ్చిన మొదటి బంగారం బ్లాకు అదే, దక్కించుకున్నది వేదాంత. ఆ రాష్ట్రపు కరెంటు ప్రధానంగా కోర్బా బొగ్గుది.  అంటే సోనాఖాన్ నుంచి గ్రాము బంగారం తీసినా దాని వెనక ఆ బొగ్గే ఉంటుంది. 2070 నాటికి నికర సున్నా అని దేశం 2021లో గ్లాస్గోలో మాటిచ్చింది. అంతకు ముందే జరిగిన ఆ బఘ్‌మారా వేలంలో కంపెనీలు పోటీ పడింది ఖనిజం విలువలో రాష్ట్రానికి ఎంత శాతం ఇస్తామన్న దాని మీదే. గనికి కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారన్న దానికి ఆ పోటీలో మార్కుల్లేవు. ఆ మార్కులు పెట్టాల్సింది వేలం వేసేటప్పుడే.