మెంతులు, మెట్‌ఫార్మిన్, బి12: మధుమేహంలో అనుబంధ పోషకాల ఆధారాలు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ ఆ సర్వే తేల్చింది. అంతమంది రోగులంటే పొడులూ గుళికలూ అమ్మేవారికి అంత పెద్ద అంగడి. మందుల షాపు అద్దాల వెనకా, పచారీ కొట్టులోనూ, ఫోను తెరమీదా షుగర్‌కు విరుగుడుగా చెప్పే సరుకుకు కొదవ లేదు. వీటిలో దేనికి ఎంత ఆధారం ఉందో పరిశీలిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. గట్టిగా ప్రచారం పొందినవాటికి ఆధారం పలచన. ఆధారం గట్టిగా ఉన్న విటమిన్ బి12 సంగతి చాలామంది రోగుల చెవిన పడనే లేదు.

మొదట మెంతులు. వీటిపై చెప్పుకోదగ్గ పరిశోధన జరిగింది హైదరాబాద్‌లోనే. జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ తదితరులు 1980ల నుంచి వరుసగా ప్రయోగాలు చేశారు. 1990లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో టైప్ 1 రోగులకు కొవ్వు తీసిన మెంతిపిండిని రోజుకు 100 గ్రాముల చొప్పున, రెండు పూటల భోజనంలో సగం సగం కలిపి, పది రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే గ్లూకోజు 54 శాతం తగ్గింది. 1996 నాటి మరో అధ్యయనంలో 60 మంది టైప్ 2 రోగులకు రోజుకు 25 గ్రాముల మెంతిపొడి 24 వారాల పాటు ఇచ్చారు. అక్కడా ఫలితం అనుకూలంగానే వచ్చింది.

ఫలితం కన్నా ముందు ఇక్కడ తూకం చూడాలి. చెంచాడు మెంతులు నాలుగు గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. రాత్రి చెంచాడు నానబెట్టి పొద్దున ఆ నీళ్ళు తాగేవారు, అధ్యయనంలో పెట్టిన మోతాదుకు ఆమడ దూరంలో ఉన్నట్టే. పైగా మెంతుల బరువులో దాదాపు సగం పీచు. అందులోని జిగురు పదార్థం పేగులో గ్లూకోజు రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. నీళ్ళు తాగేసి గింజలు పారబోస్తే ఆ పీచులో అధిక భాగం పెరట్లోకి పోతుంది. మరోపక్క ఈ అధ్యయనాలు చిన్నవి. మెంతుల చేదునూ వాసననూ దాచి, రోగికి తెలియకుండా ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి పొడితో, పోల్చడం కూడా తేలిక కాదు. కాబట్టి మెంతిపొడిని పీచున్న ఆహారంగా కూరలోనో రొట్టెపిండిలోనో కలుపుకోవడం సబబే. దాన్ని నమ్ముకుని మాత్ర మానేయడం సబబు కాదు.

పొడపత్రి కథ ఇంకా పలచన. ఆ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే తీపి తెలియదు, ఇసుక నమిలినట్టు ఉంటుంది. నాలుక మీద జరిగే ఈ వింతే దానికి సగం పేరు తెచ్చిందని నా అనుమానం. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది టైప్ 2 రోగులకు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం ఏడాదిన్నరకు పైగా ఇచ్చి, మంచి ఫలితాలు వచ్చాయని రాశారు. అయితే రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదది. విటమిన్ డి మీద మాత్రం అలాంటి పెద్ద పరీక్ష జరిగింది. మధుమేహం అంచున ఉన్న 2,423 మందిపై అమెరికాలో చేసి 2019లో ప్రకటించిన ఆ పరీక్షలో, రోజుకు 4,000 యూనిట్లు వేసుకున్నవారికీ ప్లాసిబో వేసుకున్నవారికీ మధ్య నికరమైన తేడా తేలలేదు. క్రోమియం, దాల్చినచెక్కలను చక్కెర అదుపు కోసం వాడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫారసు చేయడం లేదు.

ఇక బి12. షుగర్ ఉందని తేలగానే చాలామందికి మొదట రాసే మాత్ర మెట్‌ఫార్మిన్. చవకైనది, దశాబ్దాలుగా పరీక్షకు నిలిచినది. దానికున్న చిక్కు ఏమిటంటే, చిన్నపేగు చివరి భాగంలో జరగాల్సిన బి12 శోషణను అది దెబ్బతీస్తుంది. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన డచ్ పరిశోధనలో ఇన్సులిన్ వాడుతున్న 390 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెట్‌ఫార్మిన్, రెండో జట్టుకు ప్లాసిబో నాలుగేళ్ళకు పైగా ఇచ్చారు. ప్లాసిబో జట్టుతో పోలిస్తే మెట్‌ఫార్మిన్ జట్టులో బి12 సగటున 19 శాతం తగ్గింది. వాడకం సాగేకొద్దీ లోటు పెరిగింది. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ లోపాన్ని మెట్‌ఫార్మిన్ తాలూకు సాధారణ దుష్ప్రభావాల్లో చేర్చి, లక్షణాలున్న రోగులకు పరీక్ష చేయించాలని సూచించింది.

మన ఇళ్ళకు ఇది మరింత వర్తిస్తుంది. బి12 సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాల నుంచే. శాకాహారుల ఇంట్లో ఆధారమల్లా పాలూ పెరుగే. షుగర్ వచ్చిందని పాలు తగ్గించి, పెరుగును పలచని మజ్జిగ చేసుకుని తాగే పెద్దవారికి ఆ కాస్తా కరువవుతుంది. దీనికి తోడు ఏళ్ళ తరబడి పరగడుపున వేసుకునే ‘గ్యాస్ మాత్ర’ ఒకటి. కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారం నుంచి బి12 విడివడడమూ తగ్గుతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్ళు కాపాడుతుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. బయటపడ్డాక దాని గుర్తులు ఏమిటి? అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలు. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నా సరిగ్గా ఇవే. రోగి ‘షుగర్ ముదిరింది’ అనుకుంటాడు, ఒక్కోసారి వైద్యుడూ అలాగే అనుకుంటాడు. లోటును ఆలస్యంగా పట్టుకుంటే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఈలోగా ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకుని, నరాల నష్టం చాటున సాగిపోతుంది. మెట్‌ఫార్మిన్ మానాలని దీని అర్థం ఎంతమాత్రం కాదు. లోటును మాత్రతోనో ఇంజెక్షన్‌తోనో పూడ్చవచ్చు.

ఇంకో చిక్కు పరీక్ష కాగితం మీద ఎదురవుతుంది. ఇనుము లోపం వల్ల రక్తం తక్కువైనవారిలో మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బిఎ1సి అసలు కన్నా ఎక్కువ చూపవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి స్త్రీ ఐరన్ మాత్రలు వాడితే అంకె దానంతట అదే దిగవచ్చు. అదే సమయంలో ఏదో పొడి తాగుతూ ఉంటే ఆ ఘనత పొడి ఖాతాలో పడుతుంది! ‘మా వదినకు తగ్గింది’ అనే సాక్ష్యాల్లో ఇలాంటివి ఎన్నో తేల్చడం కష్టం. పెద్ద మోతాదు విటమిన్ సి కొన్ని గ్లూకోమీటర్లలో చక్కెరను ఎక్కువ చూపిస్తుంది. జుట్టు కోసం వాడే బయోటిన్ థైరాయిడ్, గుండె పరీక్షలను తారుమారు చేయగలదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

ఇలాంటి సరుకు ఇంతగా అమ్ముడుపోతున్నది చట్టం లేక కాదు. 1954 నాటి మాంత్రిక నివారణల చట్టం మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. 2016 నిబంధనల ప్రకారం అనుబంధ పోషకాల సీసా మీద అవి వైద్యానికి కాదని రాయాలి. ఆ అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి, అది వేరే సంగతి. నిఘా సడలితే ఏమవుతుందో 2008లో సింగపూర్ చూసింది. లైంగిక శక్తికని అమ్మిన నకిలీ మందుల్లో, మూలికల పేరిట అమ్మినవాటిలో సైతం, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి ఉంది. మధుమేహమే లేని 150 మంది చక్కెర పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు. అందువల్ల ‘మూలికే కదా, హాని ఏముంటుంది’ అన్న మాటకు నా దృష్టిలో విలువ లేదు. ఆ పొడి నిజంగా చక్కెర తగ్గిస్తే, ఇన్సులిన్‌తో కలిసి మరీ తగ్గించగలదు. తగ్గించకపోతే డబ్బు దండుగ.

మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి నాలుగైదేళ్ళు దాటినవారు, ముఖ్యంగా శాకాహారులూ గ్యాస్ మాత్ర వాడేవారూ, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి పొడినీ ప్రతి సీసానూ సంచిలో వేసుకుని వెళ్ళండి. బి12 పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో చూసి చెప్పమని అడగండి.