ఒకే కొండ కాఫీ

ఈమధ్య కాఫీ ప్యాకెట్ల మీద ‘సింగిల్ ఆరిజిన్, హనీ ప్రాసెస్డ్’ అని కనిపిస్తోంది కదా. పేరు చూసి లోపల తేనె కలిపారేమో అనుకుంటాం. చుక్క తేనె కూడా ఉండదు. మనం ఇంట్లోకి కొనే కాఫీపొడి కంటే ధర బాగా ఎక్కువ. అలాంటిది ఒకరికి బహుమతిగా ఇచ్చేటప్పుడు ఆ డబ్బు దేనికి పెడుతున్నామో తెలిసుంటే బాగుంటుంది.

నాకు ఈ సంగతి పట్టుకోవడానికి కారణం మా పెద్దాడపడుచు. ఈ నెలాఖరుకి టీచరుగా రిటైరవుతున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదేళ్లు పాడేరు వైపు ఏజెన్సీ బడిలో పనిచేశారు. పట్టుచీరలొద్దు, వెండి సామానొద్దు అని ముందే చెప్పేశారు. కాఫీ అంటే ఆవిడకి ప్రాణం. “పోనీ అరకు కాఫీ ఇస్తాను వదినగారూ” అన్నాను. “ఇవ్వు, బాగానే ఉంటుంది. కానీ దాన్ని పండించినవాళ్లకి ఏం ముడుతుందో కనుక్కుని మరీ ఇవ్వు” అన్నారు. తన దగ్గర చదివిన పిల్లల తండ్రులు కాఫీపళ్ల మూటలు సంతకి మోసుకొచ్చి, షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసి వెళ్లడం ఆవిడ కళ్లారా చూశారు. ఆ ప్రశ్న పట్టుకునే నేను ఇదంతా చదివాను.

మన దేశంలో కాఫీ కథ కర్ణాటకలో మొదలవుతుంది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుంచి తిరిగొస్తూ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. మన తూర్పు కనుమల్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో నాటించడంతో ఇక్కడ కాఫీ మొదలైంది. అక్కడి నుంచి మెల్లగా అరకు, పాడేరు, చింతపల్లి వైపు పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1960ల నుంచి అటవీ శాఖ పెద్ద ఎత్తున తోటలు వేసింది. కొండవాలు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పంట తీసి వేరేచోటికి మారే పోడు వ్యవసాయానికి బదులు, చెట్ల నీడలో కాఫీ పెంచితే మట్టీ నిలుస్తుంది, మనుషులకీ ఆదాయం ఉంటుందన్నది ఆలోచన. తర్వాత గిరిజన కుటుంబాలే సొంతంగా ఎకరం, రెండెకరాల తోటలు వేసుకున్నాయి. ఈరోజు అరకు కాఫీ అంటే సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన బగత, కొండదొర, కోందు కుటుంబాలు పెంచే కాఫీ.

మరి కొండ మన పక్కనే ఉన్నా, మన అమ్మల కాలంలో ‘అరకు కాఫీ’ అన్న మాటే ఎందుకు వినపడలేదు? దీనికి జవాబు రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. యుద్ధంతో యూరప్ మార్కెట్ మూతపడి, మన కాఫీ కొనే నాథుడు లేకపోయాడు. రైతుల్ని కాపాడటానికి ప్రభుత్వం 1942లో కాఫీ చట్టం తెచ్చింది. తోటలవాళ్లు తమ పంటని కాఫీ బోర్డుకి అప్పగించాలి. బోర్డు అందరి పంటనీ ఒకచోట చేర్చి, గ్రేడ్లుగా విడదీసి వేలం వేస్తుంది. దాన్నే పూల్ అనేవారు. యుద్ధం ముగిసినా పద్ధతి మాత్రం యాభై ఏళ్లు నడిచింది. గింజ పూల్‌లోకి వెళ్లాక అది ఏ కొండదో, ఎవరిదో చెప్పే వీలు లేదు. 1990ల్లో దశలవారీగా సడలించి, 1996లో ఈ కట్టుబాటు పూర్తిగా తీసేశారు. ‘సింగిల్ ఆరిజిన్’ అంటే ఒకే ప్రాంతం కాఫీ, ఇంకెక్కడి గింజా కలవనిది. మన దగ్గర ప్యాకెట్ మీద అలా ఊరి పేరు వేసుకునే వీలు దొరికి ముప్పై ఏళ్లే అయిందన్నమాట.

ఆ ముప్పై ఏళ్లలోనే 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. 2023లో ఢిల్లీలో జరిగిన జీ20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకి ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ కూడా ఉంది.

ఇక ‘హనీ’ సంగతి. కాఫీపండు ఎర్రగా రేగుపండులా ఉంటుంది. తోలు తీస్తే లోపల గింజని అంటుకుని తియ్యటి జిగురు ఉంటుంది. ఈ జిగురుని నానబెట్టి, నీళ్లతో కడిగేసి ఆరబెడితే అది వాష్డ్ కాఫీ. పండుని పండుగానే ఎండబెడితే మన వ్యాపారులు ‘చెర్రీ’ అంటారు. హనీ ఈ రెండింటికీ మధ్యది. తోలు తీస్తారు, జిగురుని ఉంచేస్తారు, అలాగే ఆరబెడతారు. స్పానిష్‌లో తేనెని మియెల్ అంటారు, కోస్టారికా రైతులు ఈ జిగురుని అలాగే పిలుస్తారు, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. జిగురు ఎంత ఉంచారు, ఎంత నిదానంగా ఆరబెట్టారు అన్నదాన్ని బట్టి ఎల్లో, రెడ్, బ్లాక్ హనీ అని రకాలు. నీళ్ల ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ చాకిరీ పెరుగుతుంది. జిగురుతో గింజలు ఉండకట్టుకుంటాయి, మన వడియాల్లా ఎండలో పెట్టి మర్చిపోతే కుదరదు. రోజుకి ఎన్నోసార్లు కలియబెట్టాలి, మంచు పడే వేళకి కప్పాలి. కోతల కాలంలో తుపాను పట్టిందంటే బూజే.

వదినగారి ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడే దొరికింది. కిలో పచ్చి కాఫీగింజలకి అయిదారు కిలోల పండు కావాలి. వేయించితే బరువు ఇంకా తగ్గుతుంది. అంటే పావుకిలో ప్యాకెట్ వెనక కిలోన్నర పైగా పండు కోసిన చేతులున్నాయి. గిరిజన సహకార సంస్థ ఏటా ప్రకటించే కొనుగోలు ధరలు చూడండి, తోలు తీసి ఆరబెట్టిన పార్చ్‌మెంట్‌కి ఎక్కువ, ఎండబెట్టిన చెర్రీకి తక్కువ. కొండ మీద పని ఎంత పూర్తయితే అంత డబ్బు కొండ మీద మిగిలే అవకాశం ఉంటుంది. పండు మూటకట్టి సంతలో ఇచ్చేస్తే మిగతా లాభమంతా కొండ దిగిపోతుంది.

అందుకని కొనేటప్పుడు నేను ఇవి చూశాను. ఊరు లేదా లోయ పేరు, పండించిన సంఘం పేరు ఉన్నాయా? ‘అరకు రుచి’ లాంటి మాటలు చాలవు. ప్రాసెస్ ఏమిటో, వేయించిన తేదీ ఏదో రాశారా? నెల దాటితే సువాసన తగ్గుతుంది. చికోరీ ఉందా? చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని నిబంధన ఉంది. హనీ కాఫీలో అసలు చికోరీ ఉండకూడదు. తీసుకునేవారింట్లో గ్రైండర్ లేకపోతే గింజలివ్వకండి, ఫిల్టర్‌కి సరిపడా పొడి పట్టించి ఇవ్వండి. చికోరీ అలవాటున్నవాళ్లకి మొదటి గుక్క పల్చగా అనిపిస్తుంది. పాలు తగ్గించి, చక్కెర లేకుండా ఒక్కసారి తాగి చూడమని చెప్పండి.

ప్యాకెట్‌తో పాటు వదినగారికి ఓ చిన్న కాగితం మీద ఆ సంఘం పేరు, దాని కింద ఉన్న ఊళ్ల పేర్లు రాసి పెడుతున్నాను. వాటిలో ఒకటి ఆవిడ పనిచేసిన బడికి నాలుగు మైళ్లలోనే ఉంది.