ఆలస్యంగా అందిన స్వాగతం

యుద్ధానికి వెళ్ళే సిపాయిని ఊరు ఊరంతా సాగనంపుతుంది. మెడలో దండ వేసి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి చేతులు ఊపుతుంది. తిరిగి వచ్చే సిపాయికి మాత్రం ఒక్కోసారి ఎదురొచ్చే మనిషి కూడా ఉండడు. గెలిచి వచ్చినవాడికైతే బాజాలు, భజంత్రీలు. మరి ఓడి వచ్చినవాడికి? సొంత గడ్డ మీద ఖైదీగా దిగినవాడికి? అటువంటివారిని ఏమని పిలవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఈ దేశం చాలా సంవత్సరాలు తటపటాయించింది.

మన సంఘం వార్షిక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని పెద్దలు అడిగినప్పుడు రాజుల గూర్చి, కోటల గూర్చి వ్రాద్దామని ముందుగా అనుకున్నాం. మన ఎలమంచిలికి అటువంటి చరిత్ర లేకపోలేదు. చాళుక్య వంశానికి చెందిన ఒక శాఖ ఇక్కడి నుంచి ఏలింది. కాని రాజుల సంగతి వ్రాసేవారు చాలామంది ఉన్నారు. సిపాయిల సంగతి వ్రాసేవారే తక్కువ. అందుచేత ఈసారి ఆజాద్ హింద్ ఫౌజు సైనికుల గూర్చి, వారికి ఆలస్యంగా అందిన స్వాగతం గూర్చి నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాం.

రంగం దారి

మన ఉత్తర కోస్తాలో "రంగం వెళ్ళాడు" అంటే బర్మా వెళ్ళాడని అర్థం. రంగూన్ పట్టణాన్ని మనవాళ్ళు రంగం అనేవారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు బ్రతుకుతెరువు కోసం పడవెక్కి ఆ దేశం వెళ్ళాయి. రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు, చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్ళు, వారిలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉండేవారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. ఆ తరువాత కొద్ది నెలల్లో లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశం దారి పట్టారు. ఆకలికి, కలరాకు దారిలోనే రాలిపోయినవారు వేలకు వేలు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 6న బాంబులు మన విశాఖ రేవు మీదనే పడ్డాయి. అదే రోజున కాకినాడ మీద కూడా పడ్డాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైతం కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చింది. అంటే రెండవ ప్రపంచ యుద్ధం మనకు పుస్తకాల్లో చదివిన యుద్ధం కాదు. మన వాకిట్లోకి వచ్చిన యుద్ధం.

సింగపూరు మైదానంలో

అప్పటి బ్రిటిషు ఇండియా సైన్యంలో యుద్ధం ముగిసేనాటికి సుమారు 25 లక్షల మంది భారతీయులున్నారు. వారిలో కొన్ని వేలమంది 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనం కాగానే జపానువారికి చిక్కారు. రెండు రోజుల తరువాత ఫారర్ పార్కు మైదానంలో భారతీయ సైనికులను విడిగా నిలబెట్టి, వారిని జపానువారికి అప్పగిస్తున్నట్టు బ్రిటిషు అధికారి చదివి వినిపించాడు. జీవితమంతా ఎవరి ఉప్పు తిని సలాము చేశారో వారే పశువుల మందను అప్పగించినట్టు అప్పగించి పోతుంటే, ఆ మైదానంలో నిలబడ్డ సిపాయి మనసులో ఏమి జరిగి ఉంటుందో ఊహించుకోవలసిందే.

అక్కడే కెప్టెన్ మోహన్ సింగ్ నాయకత్వాన మొదటి ఫౌజు తయారయింది. 1943 జూలైలో నేతాజీ సుభాస్ చంద్రబోస్ పగ్గాలు చేపట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. యుద్ధఖైదీలే గాక మలయా, బర్మా తోటల్లో పనిచేసే కూలీలు, కొట్లలో గుమాస్తాలు, ఆడపిల్లలు కూడా వచ్చి చేరారు. డాక్టర్ లక్ష్మి నాయకత్వాన ఝాన్సీరాణి రెజిమెంటు ఏర్పడింది. వంటశాలలో అందరికీ ఒకే పొయ్యి, ఒకే బంతి. హిందువుకు వేరు నీళ్ళు, ముస్లిముకు వేరు నీళ్ళు అని రైల్వే స్టేషన్లలో అరిచే రోజుల్లో ఆ ఫౌజు ఒకే బంతిన అన్నం తిన్నది. ఇది చిన్న సంగతి కాదు.

1944 ఏప్రిల్ 14న మణిపూరులోని మొయిరాంగ్‌లో ఆ ఫౌజు జెండా ఎగిరింది. ఎగురవేసింది కర్నల్ షౌకత్ మాలిక్. కాని వానలు వచ్చాయి, తిండి అయిపోయింది, మలేరియా పట్టుకుంది. ఇంఫాల్ ముట్టడి విఫలమయింది. వెనక్కు నడిచిన దారి పొడుగునా మనవాళ్ళ ఎముకలే మిగిలాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంఫాల్‌లో, కోహిమాలో ఎదురు నిలిచి పోరాడింది కూడా చాలావరకు భారతీయ సైనికులే. ఫౌజులో చేరడానికి ఒప్పుకోక, చేసిన ప్రమాణానికి కట్టుబడి, జపాను చెరలో న్యూగినీ దీవుల దాకా పోయి మరణించినవారూ ఉన్నారు. ఒకరు చేసిన ప్రమాణం కోసం, ఇంకొకరు పుట్టిన దేశం కోసం నిలబడ్డారు. కన్నతల్లికి ఇద్దరూ బిడ్డలే. ఇద్దరి కోసమూ ఇళ్ళలో తల్లులు దువా చేస్తూనే ఉన్నారు, దీపాలు పెడుతూనే ఉన్నారు.

ఎర్రకోటలో

1945లో యుద్ధం ముగిసింది. పట్టుబడ్డ ఫౌజు సైనికులను ఓడలెక్కించి తెచ్చి బెంగాలులోని జికర్‌గచ్చా, నీల్‌గంజ్ మొదలైన శిబిరాల్లో ఉంచారు. తెలుపు, బూడిదరంగు, నలుపు అని మూడు తరగతులుగా విడదీశారు. తెల్లవారు నమ్మినవారు తెలుపు, అనుమానించినవారు బూడిదరంగు, భయపడినవారు నలుపు!

ఆ సంవత్సరం నవంబరు 5న ఢిల్లీ ఎర్రకోటలో విచారణ మొదలయింది. బోనులో ముగ్గురు: షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. ముగ్గురినీ ఒకే బోనులో నిలబెట్టి బ్రిటిషువారు తమకు తెలియకుండానే దేశానికి ఒక పాఠం చెప్పారు. భూలాభాయ్ దేశాయ్ ప్రధానంగా వాదించారు. అసఫ్ అలీ, తేజ్ బహదూర్ సప్రూ, కైలాసనాథ్ కాట్జూ ప్రక్కన నిలిచారు. ఎన్నో ఏళ్ళ క్రితం విప్పేసిన బారిస్టరు గౌనును జవహర్‌లాల్ నెహ్రూ మళ్ళీ తొడుక్కున్నారు. బానిసదేశపు ప్రజలకు తమ స్వేచ్ఛకోసం యుద్ధం చేసే హక్కు ఉన్నదని దేశాయ్ వాదించారు.

శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసం. కాని దేశం అట్టుడికిపోతుండడం చూసి సర్వసేనాధిపతి ఆకిన్‌లెక్ 1946 జనవరి 3న ఆ శిక్షను రద్దు చేశాడు. ముగ్గురూ బయటికి వచ్చారు. జనం భుజాల మీద ఎత్తుకున్నారు. అయితే తీర్పులో రెండవ భాగం అట్లాగే నిలిచిపోయిన సంగతి చాలామంది గమనించరు. ఉద్యోగం నుంచి బర్తరఫ్, రావలసిన జీతం జప్తు. ఆ ఫిబ్రవరిలో కెప్టెన్ అబ్దుల్ రషీద్‌కు ఏడేళ్ళ కఠినశిక్ష వేసినందుకు కలకత్తాలో హిందూ ముస్లిం జనం కలిసి వీధుల్లోకి వచ్చారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

మంట మన రేవు దాకా వచ్చింది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నౌకాదళ నావికులు సమ్మె చేశారు. వారి కోర్కెలలో ఆజాద్ హింద్ ఖైదీల విడుదల ఒకటి. సమ్మె సంఘానికి అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్. కరాచీ, కొచ్చిన్‌లతో పాటు విశాఖపట్నంలోని నావికులు కూడా పని మానేశారు. సమ్మె ఫిబ్రవరి 23న ముగిసింది. ఆ నావికులు వందల సంఖ్యలో కొలువులు పోగొట్టుకుని, ఎవరి ఊరికి వారు మౌనంగా చేరుకున్నారు.

తెరుచుకోని తలుపు

1947 ఆగస్టు 15 వచ్చింది. ఇక తమ రోజు వచ్చిందని ఆజాద్ హింద్ సైనికులు అనుకున్నారు. కాని స్వతంత్ర భారత సైన్యంలోకి వారిని తిరిగి తీసుకోలేదు. సైన్యంలో క్రమశిక్షణ చెడుతుందనీ, ప్రమాణం నిలుపుకున్న సిపాయి, ప్రమాణం మార్చుకున్న సిపాయి ఒకే వరుసలో నిలబడడం కష్టమనీ కారణం చెప్పారు. ఆ కారణంలో బొత్తిగా అర్థం లేదని మేము అనము. కాని సైన్యంలోకి తీసుకోకపోవడం వేరు, మరచిపోవడం వేరు. మొదటిదానికి కారణం ఉన్నది. రెండవదానికి లేదు.

పెద్ద అధికారుల సంగతి కొంత నయం. షానవాజ్ ఖాన్ పుట్టిన ఊరు రావల్పిండి జిల్లాలో, పాకిస్తాన్‌లోకి పోయింది. ఆయన ఇండియాలో ఉండడానికే నిశ్చయించుకుని, మీరట్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, కేంద్రంలో మంత్రి అయినారు. 1983లో కాలం చేశారు. మామూలు సిపాయికి మాత్రం ఊళ్ళో ఒక ముక్క పొలం ఉంటే దుక్కి, లేకపోతే కూలి. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చి, అందులో ఆజాద్ హింద్ వారికీ చోటు దొరికింది. మొదట నెలకు 200 రూపాయలు, అదీ ఆదాయ పరిమితికి లోబడి. 1980లో ఆ పరిమితి తీసివేసి, దానిని గౌరవ పింఛను అన్నారు. పింఛను కావాలంటే జైలులో ఉన్నట్టు కాగితం చూపించాలి. అడవుల్లో నడిచి, జ్వరంతో పడి, శిబిరాల నుంచి శిబిరాలకు మారిన మనిషి ముప్ఫై ఏళ్ళ తరువాత కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? తోటి ఖైదీ సాక్ష్యం చెప్పాలి. ఆ తోటి ఖైదీ బ్రతికి ఉండాలి!

హైదరాబాదు బిడ్డ

మన తెలుగునాటి మనిషి ఒకరిని ఇక్కడ తలచుకోకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఆయన ఆబిద్ హసన్. 1911లో హైదరాబాదులో పుట్టారు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళి, అక్కడ నేతాజీని కలిసి, చదువు ప్రక్కన పెట్టి ఆయన వెంట నడిచారు. 1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీ సబ్‌మెరైన్ ఎక్కి రహస్యంగా బయలుదేరినప్పుడు వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు ఆబిద్ హసన్. ఏప్రిల్ చివర మడగాస్కర్ వద్ద అల్లకల్లోలమైన సముద్రంలో రబ్బరు పడవ మీద జపాను సబ్‌మెరైన్‌లోకి మారారు. మొత్తం మూడు నెలల ప్రయాణం. ఈనాడు ఇంట్లో చిన్నపిల్లవాడు కూడా పలికే "జై హింద్" అన్న పలకరింపును రూపొందించింది ఆయనేనని చెబుతారు. కాషాయం మీద గౌరవంతో తన పేరు చివర "సఫ్రానీ" అని చేర్చుకున్నారు.

ఇంఫాల్ యుద్ధరంగంలో ఆయన ఉన్నారు. యుద్ధం తరువాత చెర అనుభవించారు. విడుదలైన తరువాత స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్కులో రాయబారిగా పనిచేసి 1969లో విరమించి హైదరాబాదు చేరుకున్నారు. 1984లో అక్కడే కన్నుమూశారు. ఇంఫాల్ నుంచి వెనక్కు నడిచిన సైనికుల గూర్చి ఆయన ఒక చిన్న పుస్తకం వ్రాశారు. రాయబారిగా చూసిన రాజభవనాల గూర్చి కాకుండా తనతో నడిచిన సిపాయిల గూర్చి వ్రాయడంలోనే ఆయన మనసేమిటో తెలుస్తున్నది.

డెబ్బై నాలుగేళ్ళకు

సింగపూరులో ఫౌజు అమరుల పేర నేతాజీ 1945 జూలైలో పునాది వేయించిన స్మారకాన్ని తిరిగి వచ్చిన బ్రిటిషువారు కూల్చివేశారు. ఆ చోటును గుర్తించి 1995లో సింగపూరు ప్రభుత్వం ఫలకం నిలిపింది. పరాయిదేశం గుర్తించిన తరువాత కూడా మన దేశంలో చాలా ఆలస్యమయింది. 2019 జనవరి 23న ఎర్రకోటలో వారి మ్యూజియం తెరిచారు. మూడు రోజుల తరువాత, జనవరి 26న, ఢిల్లీ రిపబ్లిక్ దినోత్సవ కవాతులో మొట్టమొదటిసారిగా ఆజాద్ హింద్ ఫౌజు వృద్ధులు పాల్గొన్నారు. పరమానంద్, లల్తీరాం, హీరాసింగ్, భాగ్‌మల్. నలుగురే. అందరూ తొంభై దాటినవారు. నడవలేరు గనుక జీపుల్లో కూర్చోబెట్టారు. ఖైదీలుగా దేశం చేరిన డెబ్బై నాలుగేళ్ళకు ఆ రాజవీధిలో వారు సలాము చేశారు, దేశం బదులు సలాము చేసింది. 2022 కవాతులో నౌకాదళం తన శకటం మీద 1946 నావికుల తిరుగుబాటును చూపించింది.

సంతోషించవలసిన విషయమే. కాని వేలమందిలో నలుగురు మిగిలేదాకా ఆగిన సంతోషం ఇది. మిగతావారు ఆ పిలుపు కోసం ఎదురుచూస్తూనే మట్టిలో కలిసిపోయారు.

మన వంతు

విశాఖ బీచిరోడ్డులో "విక్టరీ ఎట్ సీ" స్తూపం మనమందరం చూసిందే. 1971 డిసెంబరు 3-4 తేదీల రాత్రి మన తీరం దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయిన సంగతి మన పిల్లలకు తెలుసు. మ్యూజియంగా మారిన కుర్సురా సబ్‌మెరైన్‌ను కూడా చూపించి వస్తాం. ఇనుముకు టిక్కెట్టు కొని చూస్తాం. అందులో పనిచేసిన మనిషి మన వీధిలోనే ఉంటే గుర్తుపట్టం. ఆనాడు ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఈనాడు డెబ్బై దాటిన వృద్ధుడు. మసీదు వరండాలో కూర్చున్నప్పుడో, స్టేషను రోడ్డులో టీ త్రాగుతున్నప్పుడో మన ప్రక్కనే ఉంటాడు. అడిగితే చెబుతాడు. అడగకపోతే చెప్పడు. సిపాయిల స్వభావమే అంత.

గావున మన సభ్యులకు మా మనవి ఇది. కులమతాలు చూడకుండా మన ఎలమంచిలిలో, చుట్టుప్రక్కల గ్రామాల్లో ఉన్న మాజీ సైనికుల పేర్లు, వారు పనిచేసిన దళం, పాల్గొన్న యుద్ధం ఒక పుస్తకంలో వ్రాసి పెడదాం. పాత డిశ్చార్జి పుస్తకాలు చెదలు పట్టకముందే నకళ్ళు తీయిద్దాం. ప్రతి ఏటా జీవన ధ్రువపత్రం ఇవ్వడానికి బ్యాంకు మెట్లెక్కలేని ముసలివారికి మన కుర్రవాళ్ళు తోడు వెళ్ళాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి రావలసినవి తెలియక ఊరుకున్న వితంతువులకు దరఖాస్తు వ్రాసిపెట్టడం పెద్ద పని కాదు. ఇక ఏడాదికి ఒక్కసారి, వాళ్ళను మన సభలో ముందు వరుసలో కూర్చోబెట్టి, శాలువా కప్పడంతో సరిపెట్టకుండా, వాళ్ళు చెప్పేది చివరిదాకా విందాం. రంగం నుంచి నడిచి వచ్చిన తాతల కథలు ఏ ఇంట్లో మిగిలి ఉన్నా వ్రాసి తెస్తే వచ్చే సంచికలో చోటు ఉంటుందని ఆశిస్తున్నాం.

స్వాగతానికి గుర్రాలు, బాజాలు అక్కరలేదు. "ఎక్కడ పనిచేశారు తాతా? ఏం చూశారు?" అని అడిగే ఒక చిన్నపిల్ల చాలు. ఢిల్లీకి డెబ్బై నాలుగేళ్ళు పట్టింది. ఎలమంచిలికి అంత ఆలస్యం కాకూడదు.

జై హింద్.