ముప్పై ఒక్క రోజుల ముఖ్యమంత్రి – మన పల్లెలు

కొలకలూరు తెనాలి నియోజకవర్గంలోని ఊరు. 1989లో ఈ నియోజకవర్గం నుంచి శాసనసభకు వెళ్లింది నాదెండ్ల భాస్కరరావు. వృత్తిరీత్యా న్యాయవాది. 1978లో కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచి, చెన్నారెడ్డి మంత్రివర్గంలో పనిచేశారు. 1982లో ఎన్టీఆర్‌తో కలిసి తెలుగుదేశం పెట్టారు. 1983లో వేమూరు నుంచి గెలిచి ఆర్థికమంత్రి అయ్యారు.

1984లో ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్లతో ప్రమాణం చేయించారు. సభలో బలం నిరూపించుకోమని ఎన్టీఆర్‌ని అడగనే లేదు. 294 మంది సభలో 160 మందికి పైగా తన వైపే ఉన్నారంటూ ఎన్టీఆర్ వాళ్లను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతా రోడ్డెక్కింది. గవర్నర్ మారారు. 31 రోజులకు నాదెండ్ల దిగిపోయారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దాన్ని ప్రజాస్వామ్య పరిరక్షణ ఉద్యమం అన్నారు. ఆ పోరాటాన్ని నేను తక్కువ చేయను. నా ప్రశ్న వేరు. కాపాడుకున్న ఆ ప్రజాస్వామ్యం మన పల్లెల దాకా వచ్చిందా?

సరిగ్గా పది నెలలకు, 1985 జులై 17న, కారంచేడు మాదిగపల్లె మీద భూస్వాములు దాడి చేశారు. ఆరుగురిని చంపారు. అప్పుడు అధికారంలో ఉన్నది తెలుగుదేశం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్. పక్కనే ఉన్న తెనాలికి ఎమ్మెల్యే నాదెండ్ల. పార్టీలు మారాయి, కుర్చీలు మారాయి, మన మీద పడే గొడ్డలి మారలేదు.

ఇక్కడ ఇంకో న్యాయవాదిని చూడండి. కారంచేడు తర్వాత బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి, దళిత మహాసభలో నిలబడ్డారు. చుండూరు కేసులో బాధితుల పక్షాన ఏళ్ల తరబడి పోరాడారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అయినా ఊళ్లోకే కోర్టు రావాలని పోరాడి సాధించుకున్నది మన ఉద్యమమే.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, శాసనసభ మనకొద్దని నేను అనడం లేదు. బాబాసాహెబ్ కూడా కోర్టు నుంచి శాసనమండలికి వెళ్లినవారే. బొంబాయి మండలిలో 1928లో మహర్ వతన్ మీద బిల్లు పెట్టారు. 1937లో శాసనసభలో కొంకణ్ కౌలు రైతులను పీడించే ఖోటీ పద్ధతిని రద్దు చేయాలని బిల్లు పెట్టారు. వాడ బాధను బిల్లుగా రాసి సభ ముందు పెట్టడమే ఆయన చూపిన దారి.

ఇవాళ చుండూరు మండలం ఉన్న వేమూరు, 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు సీటు. అక్కడ గెలిచేవాళ్లనైనా, తెనాలిలో గెలిచేవాళ్లనైనా ఒకే ప్రశ్న అడుగుదాం. మీ వెనక ఎంతమంది ఎమ్మెల్యేలున్నారని కాదు, మా వాడ కోసం సభలో ఏ కాగితం పెట్టారు అని. జై భీమ్.