బొగ్గు గీతల మస్టరు

కోడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఉంటుంది మా మాలపల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు ఏడేళ్ళు. దాని గురించి చాలామంది రాశారు, నేను రాయను. ఆ ఉప్పెన ఒక్కరాత్రిలో వచ్చి పోయింది. పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన ఉప్పునీళ్ళు పోలేదు. వాటిని గాలి తేలేదు, ఇంజన్లు తోడి తెచ్చినాయి.

"కంపెనీ వచ్చింది" అన్నారు ఊళ్ళో. ఎక్కడి కంపెనీయో, ఎవరిదో మాకు చెప్పిన నాథుడు లేడు. టైగరు రొయ్యకి జపాన్లో, అమెరికాలో మంచి ధర పలుకుతున్న కాలం. కామందులు పొలాలు లీజుకిచ్చారు, డబ్బు తీసుకున్నారు. మా పల్లెకి సెంటు భూమి లేదు కాబట్టి మాకు పోయింది భూమి కాదు, పని. ఎకరం వరి అంటే ఆకు తియ్యాలి, నాటెయ్యాలి, కలుపు తియ్యాలి, కొయ్యాలి, పనలు కట్టాలి, కుప్పెయ్యాలి, నూర్చాలి. మాయమ్మ కాలివేళ్ళ సందులు వానాకాలమంతా ఒరిసిపోయి ఉండేవి. తాగటానికి నీళ్ళడిగితే గట్టు మీద నిలబడి దోసిట్లోకి ఎత్తిపోసేవాళ్ళు. అందుకే వరి రోజులు బంగారు రోజులని నేననను. కాకపోతే ఆ పనుల్లో పల్లెలోని ఆడవాళ్ళందరికీ చోటుండేది. చెరువుకి కాపలాకొకడు, మేత చల్లటానికొకడు ఉంటే చాలు. ఇద్దరూ మొగాళ్ళే. ఏడాది తిరిగేసరికి పల్లెలో బోరింగు నీళ్ళు ఉప్పెక్కినాయి. ఆడవాళ్ళకి కొత్తగా దొరికిన పని ఒక్కటే, కాలవ దాకా బిందె మోసుకెళ్ళటం.

మా అయ్యని రాత్రికాపలాకి పెట్టుకున్నారు, నెలకి ఆరొందలు. ఇచ్చేది కంపెనీ కాదు, మేస్త్రీ. రాసుకునేది మేస్త్రీ జేబులో చిన్న పుస్తకం. మా అయ్యకి చదువు రాదు. తెల్లారి ఇంటికొచ్చి మట్టిగోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాడు. నెల నిండితే అడ్డగీత. అదే ఆయన మస్టరు. 1994లో తెల్లమచ్చల రోగం తగిలినప్పుడు ఆ గీతల్లో మూడు నెలలకి డబ్బు రాలేదు. "కంపెనీకే నష్టమొచ్చింది, నీకేం ఇస్తార్రా" అన్నాడు మేస్త్రీ. లాభమొచ్చిన పంటలకి మా అయ్యకి ఎక్కువిచ్చింది లేదు మరి.

నేనప్పటికి బందరు చేరాను. బందరుకి కంపెనీ కొత్త కాదు. 1611లోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ దిగింది, అంతకుముందే డచ్చివాళ్ళున్నారు. వాళ్ళొచ్చింది గుడ్డల కోసం. బందరు అద్దకాలు ఓడలెక్కి దేశదేశాలకి పోయినాయి. తర్వాత సీమ మిల్లు గుడ్డ వచ్చి మగ్గాల్ని కొట్టింది. మావాళ్ళు ముతకగుడ్డ నేసేవాళ్ళనీ, మగ్గం గుంట పూడ్చి కూలికి దిగారనీ మా నాయనమ్మ చెప్పేది. కంపెనీ లెక్కల పుస్తకాలు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మా గుంట సంగతి నాయనమ్మ నోట తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ బందరులోనే, కోనేరు సెంటర్లో టీ తాగుతూ పేపర్లో చూశాను. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సాంప్రదాయ పద్ధతివి తప్ప, తీరప్రాంత నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులు 1997 మార్చి 31లోగా తీసెయ్యాలి. అందరూ ఆ ముక్కే చదివారు. నేను కిందది చదివాను. ఏడాది తగ్గకుండా వరసగా పనిచేసిన కార్మికులకి చట్టప్రకారం పరిహారం కాక, అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వాలని ఉంది. అక్కడే లెక్కేశాను. ఒక్క ఆరేళ్ళ జీతమే నలభై మూడువేల రెండొందలు. మా ఇంట్లో అంత డబ్బు పేరు కూడా ఎవరూ ఎత్తి ఎరగరు.

మర్నాడు బస్సెక్కి, పులిగడ్డ దాటి ఇంటికి పోయాను. క్రిస్మస్ దగ్గరపడింది. మాయమ్మ గోడలన్నిటికీ సున్నం కొట్టి, చేతులు కడుక్కుంటా ఉంది. గోడ తెల్లగా ఉంది.

కోర్టు గోడని ఒప్పుకోదని నాకు తెలుసు. అయినా ఆ పూట మాయమ్మతో మాట్లాడలేకపోయాను. మా అయ్య మేస్త్రీ దగ్గరికి పోతే "నీ పేరు ఏ కాగితంలో ఉందో చూపించు" అన్నాడంట. సంక్రాంతికల్లా కంపెనీ ఇంజన్లు ఎత్తుకుపోయింది. మార్చి వచ్చేసరికి తీర్పు అమలు ఆగింది. తిరగదోడమంటూ పెద్దవాళ్ళు పిటిషన్లు వేసుకున్నారు. 2005లో పార్లమెంటు చట్టం చేసి, చెరువుల్ని రిజిస్టరు చేసుకోమంది. చెరువుకి నంబరు వచ్చింది. ఆరేళ్ళ జీతం ఊసు మా పల్లెలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా అయ్య కూడా ఎత్తకుండానే పోయాడు.

మా అక్కని గుడివాడ పక్క ఊరికిచ్చాం. అక్కడ కూడా వరి పోయి చేపల చెరువులొచ్చినాయి, తర్వాత వనామి రొయ్య వచ్చింది. దాని కూతురు రొయ్యల షెడ్డుకి పోయేది. తెల్లారుజామున బస్సొస్తుంది. ఐసు నీళ్ళలో నిలబడి తల తియ్యాలి, తొక్క వొలవాలి, నరం లాగాలి. కిలోల లెక్కన కూలి. దాని చేతివేళ్ళు చూస్తే మాయమ్మ కాలివేళ్ళు గుర్తొస్తాయి.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆ రోజుల్లో టీవీలో రైతు మాట్లాడాడు, ఎగుమతిదారు మాట్లాడాడు, మంత్రులు మాట్లాడారు. కౌంటు రేటు పడిపోతే రైతు మునుగుతాడు, నిజమే. తొక్క వొలిచేవాళ్ళని మాత్రం ఒక్క మైకూ పలకరించలేదు. మా మేనకోడలికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వారానికి ఆరు రోజులొచ్చే బస్సు మూడు రోజులే వచ్చింది. తర్వాత అదీ మానేసింది.

నేను ఫోను చేసి అడిగాను, "గేటు పాసుంటుంది కదమ్మా, అది పారెయ్యబాకు. ఎన్నాళ్ళు చేశావో దాంట్లో ఉంటుంది."

"పాసు సాయంత్రం సాయంత్రం కాంట్రాక్టరే తీసేసుకుంటాడు మావయ్యా" అంది.